ఆవును కోసేసిన పేజీ

తాత పెట్టెలోని పాత పత్రికలు ఎవరికీ అక్కర్లేదంటే నేనే మదనపల్లెకు తెచ్చుకున్నాను. తెల్లవాళ్ళ పాలన నాటివి. వాటిలో ఒక బొమ్మ నాకు ప్రాణం. పక్కటెముకలు తేలిన ఆవు మన దేశం. టోపీ దొర పీట మీద కూర్చుని పిండుతుంటాడు. దూడ మూతికి చిక్కం. ఆ రోజుల్లో అలాంటిది గీయడానికి గుండె కావాలి.

పుంగనూరులో ఉండే అక్క ఒకసారి మా ఇంటికొచ్చి, నేను లేనప్పుడు ఆవును మాత్రం బ్లేడుతో కోసుకుపోయింది. వాళ్ళు కొత్తగా ఆవును కొన్నారు. పాడి నిలవాలని ఆ బొమ్మకు పటం కట్టించి దేవుడి గూట్లో పెట్టింది. నన్ను అడగలేదు. అప్పటినుంచి నేను ఆమె గడప తొక్కలేదు. ఆమెకు కాలు విరిగినప్పుడూ పోలేదు.

పోయిన నెల కుప్పంలో ఒక కాలేజీవాళ్ళు పాత వ్యంగ్యచిత్రాల గురించి మాట్లాడమన్నారు. నన్ను అలా పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. బొమ్మను పూర్తిగా చూపించాలని, దారిలో పుంగనూరులో దిగాను.

“ఆ పటం ఒక్క రోజుకు ఇవ్వక్కా.”

“ఇన్నేండ్లకు వచ్చింది పటం కోసరమా? పూజ చేసేదాన్ని యాడికి ఎత్తకపోతావప్పా?”

“అది దేవుడు కాదు, మన దేశం. దొర పిండుకుంటున్నాడని ఎగతాళిగా వేశారు.”

“అయితే మళ్ళా ఆ దొర ముందరే కట్టేస్తావా?”

కొట్టంలోంచి బావ పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు.

“కావాలంటే ఫోన్లో ఫోటో పట్టుకో” అంది అక్క.

చూశాను. ఏళ్ళ తరబడి పూసిన పసుపు కింద ఎముకలు కనిపించడం లేదు. ఆవు నిండుగా, సుఖంగా ఉంది. ఆ ఎముకలు లేకపోతే ఇక ఎగతాళి ఎక్కడిది?

“కొంచెం తుడవనీ.”

“సెయ్యి ఇరగ్గొడతా.”

ఫోటో తీయకుండానే వచ్చేశాను.

కుప్పంలో చిల్లు పడిన పేజీనే ఎత్తి చూపించాను. దొర చేతులు రెండూ గాలిని పట్టుకుని ఉన్నాయి.

“ఏం పిండతాండాడు సార్?” అన్నాడొకడు.

చెప్పాను. ఎముకల గురించి చాలాసేపు చెప్పాను. వెనక వరుస లేచిపోయింది. మిగిలినవాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సు పుంగనూరు స్టాండులో ఆగినప్పుడు అక్క ఫోన్ చేసింది.

“సంగటి చేసినా. దిగు.”

ప్రసంగం ఎలా జరిగిందని అడుగుతుందేమోనని కాసేపు ఆగాను. అడగలేదు.

“పుంగనూరు దాటిపోయినా” అన్నాను. కండక్టర్ ఇంకా మదనపల్లె, మదనపల్లె అని అరుస్తూనే ఉన్నాడు. ఆమెకు వినబడే ఉంటుంది.