సగం గ్లాసు మందు

పుదుచ్చేరిలోని ఉప్పళం పేటలో ధనపాల్ గురించి చెప్పుకునే మాట ఇది. బడి వ్యాను తోలే ధనపాల్ తాగి బండి నడుపుతూ పట్టుబడ్డాడట. పోలీసు ఇంకా గట్టిగా అడగకముందే, "ఔ, తాగినా. దినామూ తాగతా. మా ఇంటామే తెచ్చి పోసిస్తాది" అని రొమ్ము విరుచుకుని చెప్పాడట. అప్పుడు వ్యానులో పిల్లలున్నారని కొందరు, లేరని కొందరు. ఇస్త్రీ బండి వేలాయుధమైతే ఇంకో మెట్టు పైకెక్కి, ధనపాల్ ఆ పోలీసుకు కూడా ఒక గుక్క పోయబోయాడని చేర్చాడు.

విచిత్రమేమిటంటే, వేలాయుధం చేర్చిన ముక్క కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఆ మాటలన్నీ తిరిగి తిరిగి తన ఇంటి గడప దగ్గరికే వచ్చినప్పుడు ధనపాల్ చెవి ఒగ్గి విన్నాడు. విని, భార్య తిలగం వైపు తెల్లబోయి చూశాడు.

"ఏమే, ఇవన్నీ నేను చెప్పిన మాట్లే. కానీ నేను చెప్పింది ఇది కాదే!"

ధనపాల్ తాతముత్తాతలు ఎప్పుడో తెలుగు సీమ నుంచి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడ్డారు. తండ్రి మిల్లులో పనిచేశాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు గానీ, తిట్టాలన్నా బుజ్జగించాలన్నా తెలుగే నోటికి వస్తుంది. బండి ఎంత నెమ్మదిగా తోలతాడంటే, వ్యానులో పిల్లలు అతనికి ఆమై మామ అని పేరు పెట్టారు. ఆమై అంటే తాబేలు. ఆ పేరు వింటే అతనికి కోపం రాదు. "తాబేలు యాడన్నా గుద్దినట్టు విన్నారారా?" అని అద్దంలోంచి నవ్వుతాడు.

వానలు మొదలైనప్పటి నుంచి అతన్ని పొడిదగ్గు పట్టుకుంది. తిలగం మార్కెట్ దగ్గర నాటుమందుల అంగడికి పోయి, దగ్గుకు మూలికల అరిష్టం ఒక సీసా తెచ్చింది. సీసా మూతతో కొలిచి రాత్రి పడుకోబోయే ముందు తాగమన్నాడు అంగడివాడు. ఆ మూత కాస్తా తొట్టి వెనక ఎక్కడో పడిపోయింది. సీసాకు గుడ్డ ముక్క బిరడాగా పెట్టి, కొలతకు స్టీలు గ్లాసు పెట్టింది తిలగం. అలా మూతెడు మందు సగం గ్లాసయింది. దగ్గు తగ్గుతూ వచ్చింది, నిద్రా బాగా పట్టింది. ఎవరికీ అనుమానం రాలేదు.

పట్టుబడిన ఆ సాయంత్రం ఇందిరా నగర్‌లో ఆఖరి బిడ్డను దించి వస్తుంటే, లాస్‌పేట దారిలో దగ్గు ముంచుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగి రోడ్డు కనబడలేదు. వ్యానును మణియమ్మ టీకొట్టు పక్కన ఎలాగో ఆపాడు. వెనక భాగం సగం రోడ్డు మీదే ఉండిపోయింది. రాత్రిదాకా ఆగలేక, ఎందుకైనా మంచిదని తిలగం టిఫిను సంచిలో పెట్టిన సీసా తీసి సగం గ్లాసు తాగాడు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు. దగ్గు నిమ్మళించాక వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, టీకొట్టు, కరెంటు స్తంభం, ఎదురు మేడ అన్నీ కలిసి ఒక పక్కకు ఒరిగినట్టయింది. కాలు దించేశాడు. మణియమ్మతో రెండు మాటలు చెప్పి, అదే బడిలో పనిచేసే ఇంకో డ్రైవరు ఇళవరసన్‌కు ఫోన్ చేసి, బెంచీ మీద కూలబడ్డాడు. తర్వాత ఇంటికి చేశాడు.

"ఏమే, తల తిరగతా ఉండాది. ఇళవరసన్‌ను రమ్మన్నా. నువ్వేం బయపడబాక."

ఫోన్ పెట్టేసరికి పక్కన ఖాకీ చొక్కా నిలబడి ఉంది. ముఖం నిండా నవ్వు.

"ఆయ్, మీరు తెలుగోరాండీ?"

ధనపాల్ గబుక్కున లేచాడు. ఖాకీ చొక్కాలోంచి తెలుగు రావడం అతని ఎరుకలో అదే మొదలు.

"నా పేరు వీర్రాజండి. మాది యానాం. మొన్నే ఇక్కడికేశారు. తెలుగు ముక్క చెవినపడి ఎన్నాళ్ళయ్యిందోనండి బాబూ! ఇంతకీ బండి అలా అడ్డంగా ఎట్టేశారేంటండీ?"

"తల తిరిగింది సార్. మందు తాగినా."

వీర్రాజు నవ్వు సగంలో ఆగింది. "మందు తాగారా?"

"ఔ సార్. సగం గ్లాసు."

"ఇంకా పొద్దన్నా గుంకలేదు కదండీ!"

"రాత్రి తాగేదే సార్. ఈ పొద్దు తట్టుకోలేక ముందే తాగేసినా."

"రోజూ తాగుతారా?"

"దినామూ. మానకూడదని అంగడాయన చెప్పినాడు. మా ఇంటామే తెచ్చి పోసిస్తాది సార్, పాపం." అంతలో బండ్ల పొగకు వీర్రాజు దగ్గాడు. ధనపాల్ మనసు కరిగిపోయింది. సొంత భాష మాట్లాడే మనిషి, ఊరు గాని ఊరొచ్చి దగ్గుతున్నాడు. "మీక్కూడా ఉండాదే సార్! సంచిలో ఇంకా ఉండాది. రవ్వంత తాగతారా?"

"నాకే పోసేత్తారేటండీ!" అని వీర్రాజు రెండడుగులు వెనక్కి వేసి, జీపులో ఉన్న అధికారి దగ్గరికి పరుగెత్తాడు.

అధికారి అరవంలో ఒకే మాట అడిగాడు, తాగావా అని. తాగానన్నాడు ధనపాల్. ఏం తాగావని ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. మిషను గొట్టంలో ఊదమంటే ఊదాడు. అది కూతపెట్టింది. అంతలో ఇళవరసన్ వచ్చాడు. వ్యానును అతనికి అప్పగించి, ధనపాల్‌ను జీపెక్కించారు. లైసెన్సు తీసుకుని, కోర్టుకు రమ్మని చెప్పి వదిలిపెట్టారు.

మర్నాడు బడివాళ్ళు కబురు పెట్టారు. కేసు తేలేదాకా వ్యాను జోలికి రావద్దు, తాగి నడిపినట్టు తేలితే ఇక ఎప్పటికీ రావద్దు. ఆ వ్యాను తప్ప ధనపాల్‌కు వేరే పని తెలియదు. తెల్లవారితే ఇడ్లీలు తిని ఎక్కడికి పోవాలో తెలియక వాకిట్లో నిలబడిపోయేవాడు.

ఇళవరసన్ వచ్చి సలహా చెప్పాడు. "అన్నా, కోర్టులో ఔనని తలకాయ ఊపేసెయ్. పొద్దున పోతే మధ్యాహ్నం అన్నానికి ఇంటికాడ ఉంటావు. కాదంటివా, వాయిదాలకు తిరిగి చెప్పులరిగిపోతాయి."

"ఊపితే బడివాళ్ళు?"

"అదొకటుండాది గదా..." అని ఇళవరసన్ తల గోక్కున్నాడు.

ధనపాల్ బుర్రలో పురి విప్పేకొద్దీ చిక్కు బిగుసుకుంది. రాత్రి పక్కమీద కూర్చుని వేళ్ళు మడిచాడు. "తాగితిని గదా. తల తిరిగె గదా. మిషను కూతపెట్టె గదా. ఇంక లేదని ఏ నోటితో చెప్పేదే?"

"నువ్వు తాగింది మందయ్యా!" అంది తిలగం.

"అదే గదా నేను పోలీసుతో చెప్పింది!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముడి ఎక్కడ పడిందో ఇద్దరికీ అంతుచిక్కలేదు.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకు కోర్టే ఒక లాయరును ఇస్తుందని ఎవరో చెబితే పోయారు. యోగిత అనే అమ్మాయిని ఇచ్చారు. ఆమెకు తెలుగు రాదు. కేసు కాగితాలు తెప్పించి అరవంలో చదివి వినిపించింది. ముద్దాయి మద్యం తాగినట్టు తానే ఒప్పుకున్నాడు, రోజూ తాగే అలవాటుంది, భార్యే తెచ్చి పోస్తుంది.

తిలగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను సారాయి అంగడికి పోయిందానినా! మా మామ కూడా నన్నింత మాట అనలే!"

"నేనా మాట చెప్పలేదమ్మా. చెప్పినట్టే ఉండాది గానీ చెప్పలేదు" అన్నాడు ధనపాల్. యోగితకు తలా తోకా దొరకలేదు. అయినా విసుక్కోలేదు.

"అన్నా, ఒకటి బాగా వినండి. తాగారా లేదా అన్నది ఒక సంగతి. తాగి బండి నడిపారా, నడపబోయారా అన్నది ఇంకో సంగతి. రెండూ ఉంటేనే ఈ కేసు. మీరు ఔనని తల ఊపితే రెండింటికీ కలిపి ఊపినట్టే. ఊపకండి."

ధనపాల్ దానికి కూడా తల ఊపాడు. ఆమె నవ్వు ఆపుకుంది.

వీర్రాజు సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. కోర్టు వరండాలో అతను కాగితాల కట్టతో నిలబడి, వీళ్ళను చూడగానే పలకరించాడు.

"ఆయ్, బాగున్నారాండీ?"

తిలగం మొగుడి చెవిలో గుసగుసలాడింది. "ఏందయ్యా ఈయన, కోర్టుకొచ్చి ఆయ్ అంటాడు?" అరవ ఇళ్ళల్లో చంటిపిల్లలు చెంబు కావాల్సినప్పుడు అనే మాట అది. కాస్త ఎడంగా నిలబడే అడిగింది. "సార్, సారాయి తాగినానని మా ఇంటాయన మీతో చెప్పినాడా?"

"సారాయి అన్లేదమ్మా. మందన్నారు. నేను పుట్టించి రాయలేదండి."

"మందే గదా తాగినాడు!"

"అదే కదమ్మా నేనూ రాసింది!"

"మందు తాగితే కేసేంది సార్? ఆస్పత్రిలో మంచానికొకరు తాగతా ఉండారే, వాళ్ళనంతా పట్టుకపోతారా?"

"ఆస్పత్రిలో మందేంటమ్మా!" వీర్రాజు నిజంగానే అదిరిపడ్డాడు.

తిలగం సంచిలోంచి సీసా తీసి గుడ్డ బిరడా లాగి అతని ముక్కు దగ్గర పెట్టింది. "ఇదో, ఇదే మందు."

వీర్రాజు వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇది అరిష్టమండీ. మా నాయనమ్మ తాగేది."

"ఆ. మందు."

"మరి మందు తాగానన్నారు కదండీ..."

"మందు తాగక, తలకు పూసుకుంటారా సార్?"

వీర్రాజు గోడకు ఆనుకున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "మావైపు మందు తాగానంటే, బ్రాందీ అండీ."

ధనపాల్ నోరు తెరిచాడు. "మరి మందును ఏమంటారు?"

"దాన్నీ మందే అంటామండి."

"అట్లయితే ఏదనేది మీకెట్ల తెలస్తాది?"

"తెలిసిపోద్దండి." అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. "ఇక్కడికొచ్చేదాకా తెలిసిపోయేది."

ధనపాల్ ఆ వరండాలోనే ఆలోచనలో పడ్డాడు. ఈ ఊళ్ళో తాగుబోతులు సారాయిని తణ్ణి అంటారు. తణ్ణి అంటే నీళ్ళు. ఆ ఊళ్ళో మందంటారట. సారాయిని సారాయి అని పిలిచేవాడు ఒక్కడూ లేడా? పైగా ఇంకో సందేహం మొదలైంది. ఆ సీసాలో ఉన్నదాన్ని పసిగట్టే కదా మిషను కూసింది. తన తలా తిరిగింది. మరి తను తాగింది తన మందా, వీర్రాజు మందా?

బోనులో వీర్రాజు వచ్చీరాని అరవంలో నిజమే చెప్పాడు. ఆయన మందన్నాడు, నేను మద్యమనుకున్నాను, పొరపాటు నాది. ప్రభుత్వ లాయరు లేచి, మాట పొరపాటైతే మిషను కూడా పొరపడిందా అని అడిగాడు. లేదని వీర్రాజు ఒప్పుకున్నాడు. సీసా చీటీ మీదే రాసి ఉంది, అందులో ఆల్కహాల్ ఉందని. ధనపాల్ మళ్ళీ వేళ్ళు మడిచాడు. అయితే మాట తేలినా పని పోయినట్టే.

అప్పుడు యోగిత లేచింది.

"మీరు చూసినప్పుడు బండి నడుస్తోందా?"

"లేదు. ఆగి ఉంది."

"డ్రైవరు సీటులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఆయన టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు."

"తాళం బండికే ఉందా, ఆయన జేబులో ఉందా?"

వీర్రాజు ఆలోచించాడు. "రెండూ కాదు. ఇంకో డ్రైవరు వచ్చాక టీకొట్టావిడ లోపలి నుంచి తెచ్చి అతనికి ఇచ్చింది."

యోగిత వెనక్కి తిరిగి ధనపాల్ వైపు చూసింది, ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎందుకు చెప్పలేదన్నట్టు. ధనపాల్ ఆమె వైపు చూశాడు, అడిగితే కదా అన్నట్టు.

తర్వాతి వాయిదాకు మణియమ్మ కూడా వచ్చి చెప్పింది. కేసు కొట్టేశారు. లైసెన్సు చేతికొచ్చింది. బడివాళ్ళు కొన్నాళ్ళు గొణిగి వ్యాను ఇచ్చారు. తిలగం తొట్టి జరిపి మూత వెతికి, కడిగి సీసాకు పెట్టింది. ధనపాల్ ఇప్పుడు ఏది తాగినా, నీళ్ళయినా సరే, పేరు చెప్పడానికి ఒక క్షణం తడబడతాడు. వీర్రాజు ఎదురైతే మాత్రం, "ఆయ్, బాగుండారా సార్?" అని తనే ముందు పలకరిస్తాడు.

ఉప్పళంలో పాత మాటే ఇంకా తిరుగుతోంది. దినామూ తాగుతాడు, పెళ్ళామే పోస్తుంది, పోలీసుకూ పోయబోయాడు. అందులో ఏదీ కాదనడానికి లేదు. ఒకటి మాత్రం అందులో లేదు. ఆ సాయంత్రం జీపు రాకముందే, మెట్టు మీంచి కాలు దించిన వెంటనే, ధనపాల్ తాళం తీసుకుపోయి మణియమ్మ చేతిలో పెట్టాడు. "ఇళవరసన్ వస్తాడు, వాడికియ్యి అక్కా. నేనడిగితే ఇయ్యబాక" అన్నాడు.