కౌంటర్ తెర మీద ఎర్ర బిళ్ల

నేను తాండూరులో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను. మా చెల్లెలికి వికారాబాద్‌లో ఒక ప్రైవేటు క్లినిక్ కౌంటర్లో పని దొరికినప్పుడు ఇంట్లో అందరికంటే నేనే ఎక్కువ మురిశాను. గొర్ల వెంట తిరిగిన ఇల్లు మాది. నా తర్వాత కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి అదే. నెల రోజులు పనితీరు చూసి పెట్టుకుంటామన్నారు.

నెల సగం కాకముందే ఏడుస్తూ ఫోన్ చేసింది. దౌల్తాబాద్ నుంచి ఒక ముసలమ్మ షుగర్ పరీక్షకని ఏమీ తినకుండా మొదటి బస్సుకు వచ్చిందట. చెల్లెలు కంప్యూటర్‌లో పరీక్ష ఎక్కించింది కానీ అది ల్యాబ్‌కు చేరలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని కూర్చుని ముసలమ్మ కళ్లు తిరిగి బెంచీ మీదే ఒరిగిపోయింది. కౌంటర్లో ఏళ్లుగా ఉన్న పెద్దామె చెల్లెల్ని అందరి ముందూ కడిగేసింది.

"'గింత చాతగాకపోతే గొర్లే కాసుకోరాదూ' అన్నదక్కా. నాకు దిమాగ్ లేదు. రేపటి సంది పోను."

ఆ గొర్ల మాట నాకు కాలింది. మర్నాడు పాఠాలు మానుకుని, దాన్ని ఒప్పించి, తాండూరులో దానితోపాటే రైలెక్కాను. క్లినిక్ తెరవగానే, జనం రాకముందే, దాని పక్కన నిలబడి చూశాను.

రోగి పేరు రాసే పేజీలో పని ముగించాలంటే 'సేవ్' నొక్కాలి. పరీక్షల పేజీలో అదే పనికి 'పోస్ట్' అని పేరు. బిల్లు పేజీలో 'కన్ఫర్మ్'. అవీ ఒక్కో పేజీలో ఒక్కో మూలన ఉన్నాయి. ముందురోజు చెల్లెలు పరీక్షల పేజీలో 'సేవ్' కోసం వెతికి, దొరక్క 'డన్' నొక్కింది. పేజీ మూసుకుంది, పని అయిందనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. రాసిందంతా పోయింది.

నాకు ఒళ్లు మండింది. మా నాయిన మందను పిలిచే కూత ఒక్కటే. అన్న తోలినా, నేను తోలినా అదే కూత వేయాలి, మారిస్తే ఊరుకోడు. గొర్లకిచ్చే ఆ మర్యాద మనుషులకివ్వడానికి ఈ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావులకు ఏం అడ్డొచ్చిందో! కానీ దాన్ని మార్చడం మా చేతిలో లేదు.

స్నానానికి పోతూ బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించడం మా ఇంటి ఆడవాళ్ల అలవాటు. చెల్లెలు సంచిలోంచి బిళ్లల అట్ట తీసింది. ఒక్కో పేజీ తెరిచి, ముగించే బటన్ ఉన్నచోట తెర అద్దం మీదే ఒక్కో రంగు బిళ్ల అంటించింది.

"పేర్లు చదవకు. పరీక్షలైతే ఎర్రది, గంతే," అన్నాను.

పెద్దామె చూసి, "కంప్యూటరా, అద్దమా గిది?" అని సణిగింది. అయినా తీసేయలేదు.

నెలాఖరున యజమాని వస్తున్నాడని ఆమే బిళ్లలు పీకించి తెరంతా తుడిపించింది. ఆ సాయంత్రం ఫోన్ మోగితే పని పోయిందేమో అనుకున్నాను. చెల్లెలు నవ్వుతోంది.

ఆయన వచ్చి, చెల్లెల్ని పనిలో ఉండమని చెప్పి వెళ్లాక జనం ముసిరారట. చెల్లెలి చేతికి అప్పటికే చోట్లు అలవాటయ్యాయి. బిళ్లలకు అలవాటుపడ్డ పెద్దామె మాత్రం పరీక్షల పేజీలో ఆగిపోయింది. కాసేపు చూసి, మెల్లగా అడిగింది.

"గా ఎర్రబిళ్ల ఏడుండె, పిల్లా?"

చెల్లెలు వేలితో చూపించింది. ఆమె తన నుదుటి బిళ్ల పీకి అక్కడ అంటించింది. తర్వాత చెయ్యి చాపింది.

"నాకు జర ఇంకోటియ్యి, బిడ్డా."

ఇదంతా చెప్పి చెల్లెలు ఊపిరి తీసుకుంది.

"దిమాగ్ లేంది నాకు కాదక్కా," అంది. "గా కంప్యూటర్‌కు."