కరివేప చెట్టుకు గుండు

మా వారు రిటైరయ్యారు. ఆర్.కె. పురం క్వార్టరు ఖాళీ చేసి ఇందిరాపురం ఫ్లాటుకు మారాలి. సామాన్లన్నీ కట్టేశాక పెరట్లో కరివేప చెట్టు మిగిలింది. అది మా అత్తగారు నాటింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒక్క రెబ్బ కావాలన్నా నేను అడిగి తుంచుకోవాల్సిందే. దీపావళి తర్వాత ఆవిడ పోయారు. ఇప్పుడు ఈ చెట్టు కూడా పోతే మా ఆయన తట్టుకోలేరని నాకు తెలుసు.

మార్చి మొదట్లో తవ్వించాం. ఎంత జాగ్రత్తపడ్డా వేళ్ళు చాలా తెగాయి. ఆకులన్నీ తీసేద్దామని కత్తెర పట్టుకొచ్చాను.

"మా అమ్మ చెట్టుని బోడి చేస్తావా?" అంటూ ఆయన అడ్డం నిలబడ్డారు.

నేను స్కూల్లో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠమే ఇది. చెట్టులో నీళ్ళను పైకి లాగేవి ఆకులే. వాటిలోంచి నీరు ఆవిరవుతున్నకొద్దీ, కాండం లోపలి సన్నటి గొట్టాల్లో నీటి ధార తెగకుండా పైకి ఎక్కుతుంది. వేళ్ళు తెగిన చెట్టుకు ఆకులన్నీ ఉంచితే, జీతం ఆగిన ఇంటికి చుట్టాలు దిగినట్టే. దీన్ని బాష్పోత్సేకం అంటారని చెప్పబోయాను.

"నీ పాఠాలు పిల్లలకి చెప్పుకో" అన్నారు.

నాకూ ఒళ్ళు మండింది. "అత్తయ్యగారు పోయినప్పుడు మీరు గుండు చేయించుకోలేదా? జుట్టు మళ్ళీ రాలేదా?" అనేశాను.

ఆయన చెయ్యి తల మీదికి వెళ్ళింది. తర్వాత నా చేతిలో కత్తెర తీసుకుని ఆయనే మొదలుపెట్టారు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మా అమ్మాయి, పుట్టి పెరిగిందంతా ఈ ఉత్తరాదిలోనే కదా, "అరే, దాదీ కే పేడ్ కో గంజా కర్ దియా?" అంది, నానమ్మ చెట్టుకు గుండు కొట్టేశారా అని. ఎవరమూ నవ్వలేదు. అంత ఆకు పారేయలేక కరివేపాకు కారం కొట్టి సీసాకెత్తాను. ఆయన ముట్టుకోలేదు. "ముందు చెట్టు బతకనీ" అన్నారు.

కొత్త ఇంటి బాల్కనీలో, డ్రమ్ములో, అది ఎండు కట్టెలా నిలబడింది. ఆయన రోజూ పొద్దున్నే గోటితో గీరి, లోపల పచ్చదనం ఉందో లేదో చూసేవారు. "అలా గీరకండి, దాని తిండి నడిచేది ఆ బెరడు కిందే" అని కసిరేదాన్ని. నాకూ భయంగానే ఉండేది.

ఒక ఆదివారం ఆయన కేకకు పరుగెత్తాను. కణుపు దగ్గర ఎర్రటి చిగురు.

"ఒక్క ఆకు లేదు కదా, మరి దీనికి తిండెవరు పెట్టారు?" అన్నారు.

"పోయినేడు ఆకులు చేసిన చక్కెర. కాండంలో, వేళ్ళలో దాచుకుంది. ఇప్పుడు చిగురుకు పంపుతోంది."

ఆయన ఆ చిగురు వంకే చూస్తూ, "పోయినేడు నీళ్ళు పోసింది అమ్మే కదా" అన్నారు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుని తానే ఆ సీసా అడిగారు. వేడన్నంలో నెయ్యేసి కలుపుకున్నారు. మొదటి ముద్దకే కళ్ళు తుడుచుకుంటూ, "కారం ఎక్కువైందే" అన్నారు.

మిరపకాయలు తక్కువే వేశాను. అయినా మంచినీళ్ళ గ్లాసు దగ్గరకు జరిపాను.