పెద్దమ్మ పీకని మొక్క

"మేడం, అమ్మ పోయింది. తెల్లారి చాయ్ తాగుమని లేపితే లేవలే."

ఫోన్లో పెద్దమ్మ కూతురు. ఏడుపు లేదు. ఎప్పుడు, ఎలా అని నేను అడగాల్సినవన్నీ అడిగాక ఆమె ఒక్కటే అడిగింది. "పదో దినం నాటికి గా సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి ఇస్తరా? ఫోటో పక్కన పెడతం. కందులకు ఇచ్చిండ్రు గదా. అమ్మ పేరున్నదని మీరే చెప్పిండ్రు గదా."

"తెస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. ఆ సర్టిఫికెట్ మీద పెద్దమ్మ పేరు లేదు. నా పేరుంది.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాసి దండం పెట్టడం ఆనవాయితీ. మంచి మాటలకు లోటు లేదు, రాస్తాను. కానీ నాకు కడుపు మండుతోంది, అది దాచుకుని రాయడం నా వల్ల కాదు.

పెద్దమ్మ మా యూనివర్సిటీ ప్రయోగ పొలంలో దినసరి కూలి. తార్నాకలో ఓ సందు చివర రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కూతురు కుట్టు మిషను, వెనక గదిలో వంటా పడకా. తెల్లవారి మేం హాస్టల్లో పళ్లు తోముకునే వేళకే ఆవిడ క్యాంపస్ గేటు దాటి పొలంలో ఉండేది. ప్రొఫెసర్ల నుంచి క్యాంటీన్ వాళ్ల దాకా అందరికీ పెద్దమ్మే.

నేను మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. కృష్ణా జిల్లా నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబం. కంది మీద పి.హెచ్.డి.లో చేరేనాటికి నాకు కందిపప్పు తెలుసు కానీ కంది మొక్క తెలియదు. పువ్వు విచ్చుకోకముందే మొగ్గను చిమ్టాతో తెరిచి, లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, ఇంకో మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. అదీ నా పని. మొదటి వారం నేను ముట్టుకున్న మొగ్గలన్నీ మర్నాటికి నేల మీదే ఉన్నాయి. పెద్దమ్మ అద్దినవి మాత్రం కాయ కట్టాయి.

"నువ్వు పువ్వును పట్టుకుంటున్నవ్ బిడ్డా" అంది. "పట్టద్దు. దాని ఎన్క వేలు పెట్టు. అది నీ మీద ఒరగాలె, నువ్వు దాని మీద గాదు."

ఆరేళ్ల చదువులో నాకు ఎవరూ ఇంతకంటే పనికొచ్చే ముక్క చెప్పలేదు.

ఇక ఆ మొక్క సంగతి. మా గైడు సారు ప్రతి ఏడూ పూత వేళ సాళ్ల వెంట నడిచి, వరసతో పోలిక లేని మొక్కల్ని వేలు చూపించి పీకేయమనేవారు. వాటిని కల్తీ మొక్కలంటారు. నేను చేరిన ఏడు అలా ఒక మొక్కను చూపించారు. వెడల్పాటి ఆకులు, మొదట్లోంచే కొమ్మలు. "ఇది కల్తీ, పీకేయ్" అన్నారు. పెద్దమ్మ "సరే సారూ" అంది. పీకలేదు. ఆ తర్వాత ఆయన ఆ సాలు వైపు వచ్చినప్పుడల్లా సరిగ్గా దానికి అడ్డంగా నిలబడి కొంగు సర్దుకునేది. ఆ కొంగు సర్దడం ఎంతకీ అయ్యేది కాదు. నేను నవ్వు ఆపుకోలేక పక్క సాల్లోకి వెళ్లిపోయేదాన్ని.

"ఎందుకు పెద్దమ్మా, సారు చూస్తే తిడతారు" అన్నాను.

"మొన్న వానకు సాలంత నీళ్లల్ల మునిగింది. పక్కయన్ని తల వేలాడేసినయ్, ఇదొక్కటి వెయ్యలే. మంచిగ నిలబడ్డదాన్ని ఎందుకు పీకాలె?"

తేనెటీగలు పక్క మొక్కల పుప్పొడి తెచ్చి కలిపేయకుండా ఇంట్లోంచి పాత దోమతెర తెచ్చి దాని మీద కప్పింది. మరుసటి ఏడు ఆ గింజల్ని మోటారు షెడ్డు వెనక ఎవరికీ అక్కర్లేని జాగాలో వేసింది. మళ్లీ అందులోంచి ఏరింది, మళ్లీ వేసింది. ఆవిడకు అక్షరాలు రావు. కూతురు మిషను కింద రాలిన రంగు దారాలు తెచ్చి మొక్కలకు కట్టి ముళ్లు వేసేది. తెగులుకు తట్టుకున్నదానికి ఒక ముడి, కాపు బాగున్నదానికి రెండు, రెండూ ఉన్నదానికి మూడు. ఏటికో రంగు. కోత అయ్యాక ఆ దారాలు విప్పి ఇంటికి తీసుకెళ్లి బిస్కెట్ డబ్బాలో దాచేది. ఓ ఏడు వానకు తడిసి నా ఫీల్డ్ పుస్తకం ముద్దయిపోతే, ఆ షెడ్డు వెనక సాళ్ల వివరాలన్నీ ఆ ముళ్లు చూసే మళ్లీ రాసుకున్నాను. నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఆ బిస్కెట్ డబ్బాలోంచి వచ్చింది. థీసిస్‌లో ఆ మాట రాయలేదు.

నాలుగో ఏడు ఎండు తెగులు వచ్చింది. సారు వేసిన మడులన్నీ పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయాయి. మోటారు షెడ్డు వెనక మాత్రం పచ్చగా ఉంది. సారు నడుచుకుంటూ వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇదేం లైను?" అని, అంటే ఏ రకం వంగడమని, నన్నడిగారు. పెద్దమ్మది అని చెప్పాను. ఆ రోజు నుంచి అది "మన లైను" అయింది. ఏడాది తిరిగేసరికి "నా లైను" అయింది. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మమ్మ అంటుంటే ఏదో సామెత అనుకునేదాన్ని.

ఇంకో మూడేళ్లు వేరే వేరే నేలల్లో వేసి చూశారు. నా పి.హెచ్.డి. అయిపోయినా అదే ప్రాజెక్టులో ఉన్నాను. అప్పుడు దరఖాస్తు మాట వచ్చింది. కొత్త వంగడాన్ని తయారు చేసినవాళ్లకు దాని విత్తనం మీద హక్కు ఇచ్చే చట్టం మనకు ఉంది. పుస్తకం రాసినవాళ్లకు ఆ పుస్తకం మీద ఉన్నట్టే. ఆ హక్కు రావాలంటే వంగడం మూడు పరీక్షలు నెగ్గాలి. ఓ మధ్యాహ్నం షెడ్డు నీడలో అన్నం తింటూ పెద్దమ్మకు వాటిని చదివి వినిపించాను. ఉన్న వంగడాలతో పోలిస్తే వేరుగా ఉండాలి. మొక్కలన్నీ ఒకే తీరుగా ఉండాలి. ఏళ్లు గడిచినా గుణం మారకూడదు.

పెద్దమ్మ నమలడం ఆపి, "గంతేనా?" అంది. "ఏరేగ ఉండాలె, ఒక్క తీరుగ ఉండాలె, ఎన్నటికి గట్లనే ఉండాలె. మనిషికైతే గిది కష్టం గని, కందికి ఏం కష్టం బిడ్డా."

దరఖాస్తు టైపు చేసింది నేనే. వంగడాన్ని తయారు చేసినవారి పేరు రాయమని ఒక గడి ఉంటుంది. చట్టం ఏమంటుందో అప్పటికి నాకు కంఠతా వచ్చు. దాన్ని తీర్చిదిద్దిన మనిషి ఎవరైనా సరే, రైతు అయినా సరే. డిగ్రీ ఉండాలని ఎక్కడా లేదు. ఎంతో మంది పెద్దలు కూర్చుని రాసిన చట్టం పెద్దమ్మకు తలుపు తీసే పెట్టింది. మూసింది మేము.

"సార్, పెద్దమ్మ పేరు?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఎంతో ఓపిగ్గా చెప్పారు. "కమిటీ అడిగితే ఎవరని చెప్పమంటావమ్మా? డైలీ వేజ్ లేబర్ అని చెప్తామా? నవ్విపోతారు. నా పేరు తర్వాత నీ పేరు పెట్టు. రేపు ఇంటర్వ్యూలో నీకే పనికొస్తుంది."

పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని టైపు చేయించలేదు. ఈ వ్యాసంలో సారు మీద మీకెంత కోపం వచ్చినా, ఆ గడిలో అక్షరాలు కొట్టిన వేళ్లు నావేనని మర్చిపోకండి.

సర్టిఫికెట్ వచ్చిన రోజు డిపార్ట్‌మెంట్ మెట్ల మీద ఫోటో దిగాం. పెద్దమ్మ చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడింది, ఫోటోలో పళ్లెం అంచు మాత్రమే పడింది. సాయంత్రం గేటు దగ్గర నా కోసం ఆగి ఉంది.

"బిడ్డా, గా కాయితం మీద నా పేరున్నదా?"

అంతకుముందు ఆవిడ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. నేను చెప్పుల వైపు చూస్తూ "ఉంది పెద్దమ్మా" అన్నాను.

"గంతే సాలు" అంది. నా తల నిమిరి వెళ్లిపోయింది.

వారం తిరక్కముందే సందంతా తెలిసిపోయింది. మిర్చి బజ్జీల బండివాడు కూడా, "పెద్దమ్మ పేరు మీద కందులొచ్చినయంట గదా మేడం" అన్నాడు. ఆ తర్వాత నాకు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూసి మెచ్చుకున్నారు. అంబర్‌పేట్ వైపు ఇల్లు తీసుకున్నాను. మెట్టుగూడలో అమ్మావాళ్ల ఇంటికి వెళ్లాలంటే తార్నాక మీదుగానే దారి. నేను కాచిగూడ వెళ్లి అక్కణ్ణుంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఆ సందు మొగ చూడాల్సి వస్తుందని.

పెద్దమ్మ పోయిన మూడో రోజు డిపార్ట్‌మెంట్‌లో సంతాప సభ పెట్టారు. పెట్టినందుకు సంతోషం, కూలి మనుషులకు అదీ దొరకదు. సారు మాట్లాడారు. "ఎంతో నమ్మకమైన మనిషి. చెప్పింది చెప్పినట్టు చేసేది" అన్నారు. అందరూ తలలూపారు.

నాకు అక్కడ ఓపిక నశించింది. ఇన్నేళ్లుగా రాని ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, లేచి నిలబడ్డాను. "చెప్పింది చెప్పినట్టు చేసి ఉంటే ఆ వంగడం ఉండేదే కాదు సార్. మీరు పీకేయమన్నారు. ఆవిడ పీకలేదు. మీ పేరు, నా పేరు ఆ కాగితం మీద ఎందుకున్నాయో ఇక్కడున్న వాళ్లకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరో దగ్గారు. రెండు నిమిషాల మౌనం పాటిద్దామని ఇంకెవరో అన్నారు. మౌనం మాకు బాగా వచ్చు కాబట్టి అందరం చక్కగా పాటించాం.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఆ హక్కు ఇచ్చిన ఆఫీసుకు ఉత్తరం రాశాను. తప్పుడు వివరాలిచ్చి తెచ్చుకున్న హక్కును ఆ చట్టమే రద్దు చేయగలదు, రిజిస్టరులో తప్పును దిద్దనూ గలదు. నా పేరు తీసేసి ఆవిడ పేరు చేర్చమని, ఏ మొక్కను ఎవరు పీకమన్నారో ఎవరు పీకలేదో అన్నీ రాసి సంతకం పెట్టాను. ఈ వ్యాసంలో కూడా ఆవిడ పేరు రాయడం లేదని మీరు గమనించే ఉంటారు. రాయాల్సిన చోట పడ్డాక మిగతా అన్ని చోట్లా రాస్తాను.

పదో రోజు తార్నాక సందులోకి వెళ్లాను. భోజనాలయ్యాక కూతురు నన్ను ముందు గదిలో మిషను పక్కన కూర్చోబెట్టింది. జిరాక్సు తేలేదని చెప్పాను. ఎందుకు తేలేదో కూడా చెప్పాను. గేటు దగ్గర ఆడిన అబద్ధమూ చెప్పాను.

ఆమె మిషను మీద గుడ్డ సర్దుతూ విని, "ఎరికనే మేడం" అంది. "పోయినేడు మా బిడ్డ ఫోన్ల తీసి సూసింది. అన్ని పేర్లు సదివింది. అమ్మ పేరు లేదు."

"పెద్దమ్మకు చెప్పారా?"

"చెప్పినం. ఆ పిల్లను అడగకుండ్రి, దాని నౌకరికి మాటొస్తది అన్నది."

అంటే ఏడాది పాటు ఆవిడ నా అబద్ధాన్ని కూడా ఆ కంది మొక్కలాగే కొంగు అడ్డం పెట్టి కాపాడింది. నేను ఏడ్చాను. కూతురు ఏడవలేదు, ఓదార్చనూ లేదు.

"మరి జిరాక్సు ఎందుకు అడిగారమ్మా?"

"మీరేం తెస్తరో సూద్దామని" అంది.

ఉత్తరం నకలు తీసి తెలుగులో చదివి వినిపించాను. పూర్తిగా విని, లోపలికి వెళ్లి బిస్కెట్ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఏటికో రంగు దారాలు, ముళ్లు ముళ్లుగా. "గివ్వి గూడ పంపుండ్రి. అమ్మ రాసిన పుస్తకం గిదే" అంది. నకలు మాత్రం మడిచి నాకే ఇచ్చేసింది. "గిది అర్జీ. సర్టిఫికెట్ గాదు. గోడకు పెట్టేది గాదు."

అప్పుడు గోడ వైపు చూశాను. పక్కపక్కనే రెండు మేకులు కొట్టి ఉన్నాయి. ఒక దానికి దండ వేసిన పెద్దమ్మ ఫోటో.

దారాల ఫోటోలూ ఉత్తరమూ పంపాను. సారు నుంచి రెండు ఫోన్లు వచ్చాయి, నా ఉద్యోగం గురించి ఎంతో ఓపిగ్గా మాట్లాడారు. జవాబు మాత్రం ఇంకా ఏ ఆఫీసు నుంచీ రాలేదు. ఇప్పుడు మెట్టుగూడకు తార్నాక మీదుగానే వెళ్తున్నాను. మొన్న ఆదివారం సందులోకి తిరిగాను. తలుపు తీసే ఉంది, కూతురు మిషను తొక్కుతోంది. నన్ను చూసి కాలు ఆపలేదు. ఫోటో పక్కనున్న ఖాళీ మేకు వైపు ఓసారి చూసి, నా ఉత్త చేతుల వైపు చూసి, మళ్లీ కుట్టుకుంటూ పోయింది.