తిరుగుడు వంతెన సందులో ఎండ

1974 ఏప్రిల్. బెజవాడలో ఓ కాలువ మీదున్న తిరుగుడు వంతెనకి నేను సూపర్‌వైజర్ని. ఎత్తు పడవ వస్తే రోడ్డు ఆపేసి, నలుగురు మనుషులు క్యాప్‌స్టన్ తిప్పేవాళ్లు. అంటే కర్రలు గుచ్చి చుట్టూ తిరుగుతూ తోసే నిలువు ఇరుసు. వంతెన మొత్తం పక్కకి తిరిగి దారిచ్చేది. కొత్తవాళ్లు నోరెళ్లబెట్టి చూస్తుంటే నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం అది కదల్లేదు.

పామర్రు వైపు నుంచి ఎత్తుగా గడ్డేసుకొచ్చిన మరియమ్మ పడవ వంతెన ముందు ఆగిపోయింది. భర్త పోయాక ఆ పడవే ఆమెకి కూడూ గుడ్డా. వేసవి మరమ్మతులకని పొద్దున్నే కాలువ కట్టేశారు, నీళ్లు దిగిపోతున్నాయి. వంతెన దాటి లాకుల దగ్గరి లోతు నీళ్లకి చేరకపోతే పడవ బురదలో కూర్చుంటుంది. రెండు నెలలు ఎండితే చెక్కలు నెర్రెలిచ్చి ఇక దేనికీ పనికిరాదు.

"గడ్డి దింపేసి కింద నుంచి పోరాదా?" అన్నాను.

"దింపేసరికి నీళ్లెక్కడుంటాయి సారూ? గెడ వేస్తే ఇప్పుడే నేల తగులుతోంది."

గేర్లకి గ్రీజు పూశాం. నలుగురి చోట ఎనిమిది మంది తోశారు. ఊహూఁ! ఎండకి ఇనుము సాగుతుందని నాకు తెలీక కాదు. కానీ పోయిన వేసవిలోనూ ఇవే ఎండలు, అప్పుడు తిరిగిందే! అదే నా బుర్ర తొలిచేసింది.

మరియమ్మ ఒడ్డెక్కి వచ్చింది. "ఓ మాట సారూ. ఖాళీ పడవతో వంతెన కింద పోయేటప్పుడు, ఆ చివర సందులోంచి ఎండ గీతలాగా నా ఒళ్లో పడేది. మొన్న పడలేదండీ."

ఆ సందు పూడ్పించింది నేనే! స్కూటర్లు ఎగిరిపడుతున్నాయని జనం గొడవ చేస్తే, వారం కిందట కంకర, తారు పోయించి నున్నగా చేయించాను. శభాష్ అనిపించుకున్నాను కూడా. అది ఎక్స్‌పాన్షన్ గ్యాప్, ఇనుము సాగడానికి వదిలిన చోటు.

"ఇది నా నిర్వాకమే మరియమ్మా," అన్నాను.

"అదంతా తర్వాతండీ, ముందు తవ్వించండి!"

గడ్డపారలతో తారు పెకలించాం. ఇనప దూలాల మీద బిందెలతో నీళ్లు గుమ్మరించాం. మళ్లీ తోస్తే వంతెన కిర్రుమంటూ కదిలింది. "స్తోత్రం తండ్రీ!" అంటూ మరియమ్మ పడవలోకి ఉరికింది. అడుగు బురదకి రాసుకుంటూనే పడవ దాటింది.

రోడ్డు మీద పోయేవాళ్ల మాట విన్నాను గానీ, కింద పోయేవాళ్లని అడగాలని నాకు తోచనే లేదు. ఆ తర్వాత ఏ వంతెన చూడబోయినా ముందు కిందకి దిగేవాణ్ణి.

కాలువలు వదిలాక ఓ రోజు వంతెన కింద నుంచి కేక వినబడింది. "సారూ, ఉందండీ!"

తొంగిచూశాను. ఖాళీ పడవలో మరియమ్మ, ఆ ఎండ గీత కింద అరచెయ్యి చాపి నవ్వుతోంది.