మాస్టరుకు జ్వరమొచ్చిన పొద్దు

మగ్గాల కార్ఖానాలో గొంతు చించుకున్నా ఎవరికీ వినపడదు. సూరత్ పక్కన సచిన్ అనే పేటలో మేం పని చేసే షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడడం మొదలుపెడితే పక్కవాడు చెవిలో అరిచినా అర్థం కాదు. అందుకని పెదవులు చూసి మాట పట్టుకోవడం మాకు అలవాటు. దారం తెగింది, చాయ్ తాగుదామా, ఇంటికాడ పిల్ల ఎట్లుంది, అన్నీ పెదవుల మీదే నడుస్తాయి. బూతులు కూడా. కొత్తగా వచ్చినవాడు అన్నిటికంటే ముందు నేర్చుకునేవి అవే.

అలాంటి చోట మాతో పని చేయించే మాస్టర్ అంటే ముందు మొహమే. మా పాత మాస్టర్‌కు ఆ మొహం ఉండేది. కనుబొమ్మలు ముడిచి, చేతులు వెనక్కి కట్టుకుని ఆయన మగ్గాల మధ్య నడిస్తే తెగిన దారాలు వాటంతట అవే అతుక్కుంటాయని మేం నవ్వుకునేవాళ్ళం, ఆయన అటు తిరిగాక. ఒళ్ళు కాలిపోతున్నా, కాలు బెణికినా పని మానేవాడు కాదు. మొదటి లాక్‌డౌన్‌లో ఊరికి పోయే రైలెక్కి, ఇక తిరిగి రానని కబురు పెట్టాడు. కార్ఖానా మళ్ళీ తెరిచినప్పుడు యజమాని సేఠ్ నన్ను పిలిచి, ఇకనుంచి మాస్టర్‌వి నువ్వే అన్నాడు. పాత మాస్టర్ ఒక్క పొద్దు కూడా మానలేదు, అది గుర్తు పెట్టుకో అని కూడా అన్నాడు.

నాకేమో పుట్టుకతోనే నవ్వు మొహం. చావింటికి పోతే తల వంచుకుని నిలబడాలి, లేకపోతే తిట్లు తప్పవు. ఈ మొహంతో మగ్గం నడిపే కారీగర్లు నా మాట వింటారా అని దిగులు పట్టుకుంది. అందుకని పాత మాస్టర్ మొహాన్ని అరువు తెచ్చుకున్నాను. కనుబొమ్మలు ముడిచాను, మీసం పెంచాను, చేతులు వెనక్కి కట్టాను. గోడాదరా బస్తీలో మా ఒక్క గది ఇంట్లో కూడా అట్లాగే తిరుగుతుంటే మా ఆవిడ ఊరుకోలేదు.

"ఏందయ్యా, ఇంట్ల గూడ మాస్టరేనా? ఆ మొఖం కార్ఖానల్నే ఇడిచిపెట్టి రారాదు?" అంది.

ఇంతలో షెడ్డు లోపల కూడా మాస్కులు తప్పనిసరి అయ్యాయి. మా భాష సగం ఆ రోజే పోయింది. పెదవులు గుడ్డ వెనక దాక్కుంటే ఎవరేమంటున్నారో తెలిసే దారి లేదు. నేను ఒకాయనను మగ్గం దగ్గర నిలబెట్టి ఎడాపెడా తిట్టాను. ఆయన నా మాస్కు కదలడం చూసి, మాస్టర్ పాన్ నములుతున్నాడు అనుకున్నాడట. కష్టపడి పెంచిన మీసం కూడా లోపలే ఉండిపోయింది. ఏదైనా చెప్పాలంటే మనిషిని మోచెయ్యి పట్టుకుని బయటికి, గేటు దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చేది. ఆ నిశ్శబ్దంలో ఒక మనిషి ఎదురుగా నిలబడితే, పాత మాస్టర్ తిట్లు నా నోట ఎంత ఎబ్బెట్టుగా ఉన్నాయో నాకే వినపడేది. అయినా మానలేదు. ఇంకో రకం మాస్టర్ ఎట్లా ఉంటాడో నేను చూడలేదు.

మా కార్ఖానాలో మా పక్క ఊరి అన్న ఒకాయన ఉన్నాడు. నాకంటే చాలా పెద్దవాడు. సూరత్ వచ్చిన కొత్తలో నేను మగ్గం నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఎప్పుడూ నన్ను తమ్మీ అని పిలిచేవాడు. నేను మాస్టర్ అయ్యాక ఆయన కూడా మాస్టర్ అనడం మొదలుపెట్టాడు. అది మర్యాదే అనుకుని లోలోపల మురిసిపోయాను.

కరోనా వచ్చిన రెండో ఏడు ఎండాకాలం వచ్చేసరికి మా గల్లీలో రోజూ ఎవరో ఒకరికి దగ్గు మొదలయ్యేది. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి నాకు గొంతు గరగర, ఒళ్ళంతా నొప్పులు. మా ఆవిడ నుదురు ముట్టుకుని చూసి, ఇయ్యాల పోకు అంది. పోకపోతే సేఠ్ ఇంకొకరిని మాస్టర్‌ను చేస్తాడు. పోతే షెడ్డు నిండా మనుషులు, అందరికీ ఇంటి దగ్గర పిల్లలు. రెండు గోలీలు మింగి, చొక్కా తొడుక్కుని, బండి తీశాను. దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను, ఇది మామూలు జ్వరమేనని.

రాత్రి కర్ఫ్యూ వల్ల అప్పుడు రాత్రి పాళీ బందు. పొద్దున మేం వెళ్ళి మొదలుపెడితేనే మగ్గాలు ఆడతాయి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు మాస్టర్ లోపలికి పోయి అగరుబత్తి ముట్టించాలి, మొదటి మగ్గం ఆయనే ఆడించాలి, తర్వాతే మిగతావాళ్ళు గడప దాటుతారు. ఆ పొద్దు నేను గేటు దగ్గరికి వచ్చేసరికి అందరూ నాకోసం నిలబడి ఉన్నారు. నేను గడప దాకా పోయాను. వెనక చెప్పుల చప్పుడు వినపడింది. నేను కదిలితే వాళ్ళు కదులుతున్నారు. గడప మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాను.

వెనక్కి తిరిగి, దూరం జరిగి, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నాకు పొద్దటి సంది జరం ఉన్నది. గోలీలు మింగి వచ్చిన. లోపలికి పోవాలంటే భయమైతున్నది. నాకేమైతదో అని భయం, నా నుంచి మీకేమైతదో అని ఇంకా భయం. నేను పరీక్షకు పోతున్న. మీరేం జేస్తరో మీ ఇష్టం, ఎవ్వరినీ ఒక్క మాట అనను" అన్నాను.

ఆ మాటలు నా గొంతుతోనే వచ్చాయి. కనుబొమ్మలు ఎప్పుడు విడిపోయాయో తెలియదు, నుదురు మాత్రం హాయిగా ఉంది. మాస్టరుగిరీ పోతే పోనీ అనిపించింది. అప్పుడు అన్న వరసలోంచి పక్కకు జరిగాడు.

"నాకు నిన్నటి సంది ఉన్నది తమ్మీ. ఊపిరి గూడ జర కష్టమే అయితున్నది" అన్నాడు.

"మరి చెప్పకపోతివేందే అన్నా?"

"ఎట్ల జెప్పాలె? నీ మొఖం జూస్తే జరమొచ్చుడు గూడ తప్పే అనిపిస్తుండె."

ఇంకో ఇద్దరు కూడా పక్కకు జరిగి, తమకూ దగ్గు ఉందన్నారు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఇంతమందిమి ఒకరికొకరం గట్టివాళ్ళలాగా కనపడడానికి ఎంత తిప్పలు పడ్డాం! సేఠ్‌కు అక్కడినుంచే ఫోన్ చేశాను. మొదట అరిచాడు. నేను ఎదురు చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు మళ్ళీ చెప్పాను. కొంచెం ఆగి, "ఠీక్ హై, పహలే టెస్ట్ కరావో" అని, ముందు పరీక్ష చేయించుకోమన్నాడు. వాళ్ళింట్లో కూడా ఇద్దరు మంచం పట్టి ఉన్నారని తర్వాత తెలిసింది.

రోడ్డు పక్క టెంటులో పరీక్ష చేయించుకున్నాం. నాకూ అన్నకూ కరోనా ఉందని తేలింది. నేను ఇంట్లో ఓ మూల పడుకున్నాను, మా ఆవిడ దుప్పటి అడ్డం కట్టి అవతలినుంచి గంజి జరిపేది. అన్నను మాత్రం దవాఖానాలో చేర్చుకుని ఆక్సిజన్ పెట్టారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. ఫోన్ మోగితే తీయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఒక సాయంత్రం ఆయన కూతురు చేసి, బాపు లేచి కూర్చుని అన్నం అడుగుతున్నాడు కాకా అంది. దుప్పటి ఇవతల నేను, అవతల మా ఆవిడ, ఇద్దరం ఏడ్చాం.

కార్ఖానా మళ్ళీ మొదలైనప్పుడు సేఠ్ వేరే మాస్టర్‌ను వెతకలేదు. ఎంతమందిని తెస్తావని ఒక్కటే అడిగాడు. అందరం వచ్చాం. అన్న కొంచెం ఆలస్యంగా వచ్చాడు, సగానికి సగం చిక్కిపోయి, గేటు పట్టుకుని నిలబడి ఊపిరి కూడదీసుకున్నాడు. నేను ఎదురుపోయి, ఇంకొన్నాళ్ళు ఆగకపోయినవా అన్నా అన్నాను.

"మంచిగనే ఉన్న తమ్మీ" అన్నాడు. తర్వాత షెడ్డు వైపు చూస్తూ, "ఇంక జర ఆలస్యమైతే మా చేతుల లేకుండె అన్నడు డాక్టరు. ఆ పొద్దు నువ్వు లోపలికి పోయి ఉంటే, నీ ఎనుకనే నేను గూడ వస్తుంటి" అన్నాడు.

అంత మాట ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం గేటు పక్క గట్టు మీద కూర్చుండిపోయాను. ఆయనా వచ్చి పక్కన కూర్చున్నాడు, ఆయన ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ నేను చాలాసేపు అక్కడే ఉండిపోయాను.