ఏటూరునాగారం నుంచి వినోద

సబియా గొంతు తెలియనివాళ్లు వరంగల్‌లో తక్కువ. రేడియోలో పద్నాలుగేళ్లు శ్రోతలు కోరిన పాటలు వేసింది. ఇప్పుడు ఓ లోకల్ కేబుల్ టీవీలో సాయంత్రం వార్తలు చదువుతోంది. ఆ గొంతంటే ఊరందరికీ ముద్దు. ఆమెకే దాన్ని వింటే భయం.

పాటలు కోరుతూ శ్రోతలు రాసే కార్డులు తక్కువ పడిన వారం పేర్లు కల్పించి చదవడం ఆమె పనిచేసిన చోట అనౌన్సర్లందరికీ తెలిసిన గుట్టే. పాటకు ముందు నాలుగు పేర్లయినా లేకపోతే కార్యక్రమం బోసిపోతుంది మరి. దానివల్ల ఎవరికి నష్టం? ఓ వానాకాలం సబియా కూడా నోటికొచ్చిన పేరొకటి చదివేసింది: "ఏటూరునాగారం నుంచి వినోద."

మూడో రోజున సారంగపాణి రేడియో స్టేషన్‌కు వచ్చాడు. హనుమకొండలో గాజుల దుకాణం ఆయనది. కూతురు వినోద ఇల్లు విడిచిపోయి అప్పటికి రెండేళ్లు. ఆ పేరు చదివి వేసిన పాటంటే ఆ పిల్లకు ప్రాణమట.

"ఆ కార్డు జర చూపెట్టు బిడ్డా. నా పిల్ల రాత నేను గుర్తువడ్త."

నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ ఉద్యోగం పోతుందని భయపడింది, పిరికి మనిషి. "పారేసినం బాపూ" అంది. ఆయన అటునుంచి అటే ఏటూరునాగారం బస్సెక్కాడు.

పదకొండేళ్లుగా ఎక్కుతూనే ఉన్నాడు. దుకాణం తమ్ముడికి వదిలేసి, నెలకోసారి ఆ అడవి పల్లెల్లో ఇల్లిల్లూ తిరుగుతాడు. తిరిగొచ్చాక స్టేషన్‌కు వచ్చి, "మళ్ల ఏమన్న రాసిందా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న తట్టుకోలేకే సబియా రేడియో వదిలి టీవీకి మారింది. ఏం లాభం? కెమెరా ముందు కూర్చోగానే ఆ పేరు నాలుక మీదికి వస్తుంది. వార్తల మధ్యలో ఆగి నీళ్లు తాగుతుంది.

మొన్న ఆయన కర్ర పట్టుకుని కేబుల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. చూడగానే సబియా ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"కార్డే రాలేదు బాపూ. ఆ పేరు నేనే కల్పించిన. మీ బిడ్డ ఏడున్నదో నాకు తెల్వదు. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

సారంగపాణి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోప్పడలేదు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"నాకు చెప్పద్దని నీతోని ఒట్టేయించుకున్నదా? సరే, అడ్రస్ అడగ. బాగున్నదా? అంతే చెప్పు."

చెంప పగలగొట్టినా ఇంతకంటే నయమనిపించింది సబియాకు. ఆయన కదలకుండా నిలబడి ఉన్నాడు.

"బాగున్నది బాపూ" అంది.

"పిల్లలెందరు?" అని అడిగాడాయన.